చల్లారిన నిప్పు మీదుగా పాపికొండలకు

ఆంధ్రదేశమున అగ్నిపర్వతములు లేవని, బడిలో భూగోళము చెప్పునపుడు ఒక్క మాటతో దాటిపోవుట మనకు అలవాటు. ఆ మాటలో అసత్యము లేదు. భారతదేశము మొత్తములో నేటికిని నిప్పు గ్రక్కు కొండ అండమాను సముద్రమునందలి బారెన్ ద్వీపమొక్కటే. అయినను, ఆ ఒక్క మాటతో పాఠము ముగియుటవలన, ద్రాక్షారామము బడిలో బల్లమీద కూర్చున్న పిల్లవానికి ఒక పెద్ద సంగతి తెలియకయే పోవుచున్నది. వాని యూరికి నూరు కిలోమీటర్ల లోపల, కరిగిన రాయి ఏరువలె పారివచ్చి గడ్డకట్టిన తావులున్నవి. అచటినుండి మరికొంత దూరము ఉత్తరముగా పోయినచో, 2008లో జాతీయవనముగా ప్రకటింపబడిన పాపికొండలున్నవి. రెండు దినముల సెలవు, ఒక అద్దె జీపు, నాలుగు పూటల భోజనము: ఇంతకు మించి వ్యయము లేదు.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములు వేసవి సెలవులు వచ్చినంతనే కారులో సామాను సర్దుకొని యెల్లోస్టోనుకు ప్రయాణమగుట నేడు పరిపాటి యైనది. 1872లో ప్రపంచమున కెల్ల మొదటి జాతీయవనముగా ఏర్పడిన ఆ ప్రదేశము ఒక మహాగ్నిపర్వతపు నోటిమీదనే యున్నది. మరుగు నీరు ఆకాశమున కెగయుటను పిల్లలకు చూపి, భూమి కడుపులో నేమున్నదో చెప్పుదురు. మంచిదే. వారిని చూచి అసూయ పడనక్కరలేదు. మన పెరటిలోనున్నదానిని మనము చూడకపోవుటయే విచారము.

కోనసీమలో రాయి లేదు. గునపము పెట్టి ఎంత లోతు త్రవ్వినను ఒండ్రుమట్టి, ఇసుక, మరల ఒండ్రుమట్టి. మన యిండ్లలోని సన్నెకల్లు, తిరుగలి, గడపరాయి అన్నియు పొరుగు సీమనుండి దిగుమతి యైనవే. చాళుక్య భీముడు కట్టించెనని చెప్పబడు ద్రాక్షారామ భీమేశ్వరాలయము రెండంతస్తుల రాతికట్టడము. ఆ రాయి యంతయు బండ్లమీదనో పడవలమీదనో వచ్చినదే కాని, ఈ నేలలో పుట్టినది కాదు. అందువలననే కాబోలు, మన పిల్లలకు రాతిని చూచి ప్రశ్నించు అలవాటు తక్కువ. కొబ్బరిచెట్టును చూచి కాపు ఎట్లున్నదో చెప్పగలరు. కాలువ నీటి రంగు చూచి ఎగువన వరద వచ్చినదని గుర్తింపగలరు. రాయి వారికి రాయియే.

సంక్రాంతి వెళ్లిన పిమ్మట, విద్యార్థులను ఎనమండుగురను, భూగర్భశాస్త్రము తెలిసిన మిత్రు నొకరిని వెంటబెట్టుకొని బయలుదేరితిని. రామచంద్రపురము, మండపేట, ద్వారపూడి దాటి రాజమహేంద్రవరము చేరువరకు చెప్పదగిన విశేషము లేదు. పచ్చని నేల, కాలువ, దాని ప్రక్కన దారి. రాజమహేంద్రవరము సమీపించునప్పటికి నేల మెల్లగా లేచి ఎఱ్ఱబడును. ఆ మెట్టల ఇసుకరాయి లావాకంటె చాల చిన్నది. లావామీద తరువాతి కాలమున పేరుకొన్నది. ఆ మెట్టల అడుగున, ఊరికి ఉత్తరముగానున్న కాతేరు వైపున, నల్లరాయి తల యెత్తి కనబడును. అట్లే గోదావరి ఆవలి గట్టున పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నము గ్రామములయందును. ఈ రెండు గట్టుల నల్లరాతికి కలిపి రాజమహేంద్రి ట్రాపులని శాస్త్రజ్ఞులు పేరుపెట్టిరి. ట్రాపు అనునది స్వీడను దేశపు భాషలో మెట్టుకు పేరు. లావా పొరమీద పొరగా పరచుకొన్నచోట కొండలు మెట్లు మెట్లుగా కనబడుటచేత ఆ మాట వచ్చినది. 1880లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు గోదావరి మండలపు తీరప్రాంత శిలలనుగూర్చి వ్రాసిన గ్రంథమున ఈ రాతినిగూర్చి విపులముగా చర్చించెను.

తెలుగు చెప్పుకొని బ్రతుకువాడను గనుక ఇచట ఒక మాట. సముద్రగర్భమున ఆరని నిప్పొకటి యున్నదని మన పురాణములు చెప్పుచున్నవి. దానిని బడబాగ్ని యనిరి. ఆ అగ్ని పుట్టుకకు కారణమైన ఔర్వుని కథ భారతమున ఆదిపర్వములోనిది. ఆ పర్వమును నన్నయభట్టు తెనిగించినది రాజమహేంద్రవరముననే. ఆయన కూర్చున్న నగరికి కూతవేటు దూరమున, ఒకప్పుడు నిజముగనే సముద్రపుటొడ్డున చొచ్చిన నిప్పు రాయియై పడియున్నది. పురాణమున విజ్ఞానశాస్త్రము దాగియున్నదని నేను చెప్పబోవుట లేదు. ఆ వాదము నాకు రుచింపదు. రెండును ఒక్క ఊరిలో కలిసినవన్న సంతోషమే నాది.

కొవ్వూరు వంతెన దాటి దేవరపల్లి దారిన పోయినచో గౌరీపట్నపు క్వారీలు వచ్చును. దూరమునుండియే తెల్లని దుమ్ము పొగవలె లేచుచుండును. క్రషర్ల చప్పుడులో మాట వినబడదు. చెట్ల ఆకులు పచ్చగా లేవు, బూడిదరంగుగా నున్నవి. మేము ఒక క్వారీ యజమాని అనుమతి గైకొని, మందుగుండు పేల్చని వేళ చూచుకొని అంచుమీదకు పోయితిమి. నిలువుగా కోయబడిన గోడ. అడుగున నల్లరాయి, నడుమ కొలదిపాటి మందమున లేతరంగు సున్నపురాయి, మట్టిపొర. దానిపైన మరల నల్లరాయి. రెండు రొట్టెల నడుమ పచ్చడి పూసినట్లున్నదని మా విద్యార్థి యొకడనెను. పోలిక మోటుదే గాని సరియైనది.

పనివాడొకడు మా చేతిలోని పుస్తకములు చూచి దగ్గరకు వచ్చినాడు.

"ఏం చూత్తన్నారండీ మాస్టారూ? ఇది నల్లరాయండి. దీనికి మించిన గట్టిరాయి ఈ సుట్టుపక్కల లేదండి. మజ్జిలో ఆ తెల్లసుద్ద తగిలితేనే మాకు సిరాకు. కంకరకి పనికిరాదండి, తీసి అవతల పోసేత్తాం."

"ఆ సుద్దకోసమే వచ్చితిమి నాయనా" అని మా మిత్రులు నవ్విరి. అతడు మమ్ములను వింతగా చూచి పోయినాడు.

ఆ సుద్దలో నేమున్నదో చెప్పుటకు ముందు, నల్లరాయి ఎచటిదో చెప్పవలెను. ఇది ఇచటనే ఏదో బీటనుండి పైకుబికినదని కొందరు పండితులు వాదించిరి. కాని 2008లో వెలువడిన ఒక పరిశోధన ఈ రాతిలోని రసాయనములను లెక్కించి, పడమటి కనుమలలోని రాతితో సరిపోల్చినది. మహాబలేశ్వరము ప్రాంతమున అంబేనలి యను పొర అడుగున, మహాబలేశ్వరపు పొర దానిపైన ఉన్నవి. గోదావరి గట్టునను అడుగు రాయి అంబేనలితోడను, పైరాయి మహాబలేశ్వరముతోడను సరిపోయినది. మరియొక సాక్ష్యము కూడ కలదు. లావా చల్లారునపుడు అందలి ఇనుప కణములు ఆనాటి భూమి అయస్కాంత దిక్కును పట్టుకొని నిలిచిపోవును. భూమి అయస్కాంత దిక్కు యుగయుగమునకు తలక్రిందులగుచుండును. ఇచటి అడుగు పొరలో ఆ దిక్కు తలక్రిందుగా నున్నది, పైపొరలో నేటివలె నున్నది. పడమట నున్న క్రమమే ఇది.

తాళపత్ర ప్రతులు పరిష్కరించువారికి ఈ తర్కము క్రొత్త కాదు. తంజావూరిలో దొరికిన ప్రతియందును, కాకినాడలో దొరికిన ప్రతియందును అవే తప్పులు అదే వరుసను ఉన్నచో, ఆ రెండును ఒక్క మాతృక బిడ్డలని నిశ్చయింతుము. రాతి విషయమునను అంతే. తేల్చిన దేమనగా, పడమటి కనుమల దగ్గర వెలువడిన శిలాద్రవము ఆనాటి నదీలోయల వెంబడి సుమారు వేయి కిలోమీటర్లు పారి తూర్పు సముద్రము చేరినది. ఇంత దూరము పారిన లావా భూమిమీద మరియొకటి తెలియదు.

వేయి కిలోమీటర్లు పారువరకు చల్లారకుండుట ఎట్లని విద్యార్థు లడిగిరి. అడుగవలసిన ప్రశ్నయే. పాలు కాగి చల్లారునపుడు పైన మీగడ కట్టును. క్రింద పాలు వేడిగనే యుండును. లావాకు అట్లే గట్టి పెచ్చు పైన కట్టును. ఆ పెచ్చు క్రింద ద్రవము వేడి పోగొట్టుకొనక సాగుచుండును. నివురు గప్పిన నిప్పను మాట మనకున్నది కదా. అట్టి నిప్పు మహారాష్ట్రమునుండి ఆంధ్రమునకు నడచివచ్చినది. ఐస్‌లాండులో 1783 జూనులో లాకి బీటలు తెరచుకొని, ఎనిమిది మాసములు లావా పారినది. ఆ విషవాయువులకు పశువులు చచ్చి, కరవు వచ్చి, ఆ దేశ జనులలో అయిదవవంతు మంది మరణించిరి. లాకి లావా మొత్తము పదునైదు ఘన కిలోమీటర్లకు మించదు. దక్కను లావాలో ఒక్కొక్క పెద్ద ప్రవాహము దానికి ఎన్నో రెట్లు.

ఇక సుద్ద మాట. దుద్దుకూరు దగ్గర లావాకు అడుగున సున్నపురాతిలో మరమేకువలె మెలికలు తిరిగిన సముద్రపు గుల్లలున్నవి. వీనిని టరిటెల్లా యందురు. అనగా లావా వచ్చుటకు ముందు ఇది కడలి. రెండు లావా పొరల నడుమనున్న సుద్దలో ఆలుచిప్పలు, ఉప్పునీరు మంచినీరు కలియుచోట బ్రతుకు జీవుల అవశేషములు, వీనితోబాటు కంటికి కనబడని ఫొరామినిఫెరా యను సూక్ష్మజీవుల గుల్లలు కలవు. ఆ 2008లోనే గెర్టా కెల్లర్ అను శాస్త్రజ్ఞురాలు తన సహచరులతో కలిసి ఈ క్వారీల సుద్దలోని ఆ గుల్లలను పరిశీలించి, అవి భూమిమీద మహాసంహారము జరిగిన వెంటనే తలయెత్తిన జాతులవని ప్రకటించెను. ఆ సంహారము డైనోసారులు అంతరించినది. నేటికి సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందటిది. మెక్సికో తీరమున పడిన మహోల్క దానికి కారణమని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల మతము. దక్కను లావా వెడలగ్రక్కిన వాయువులకును ఆ పాపములో పెద్ద భాగము కలదని కెల్లరు పక్షము. వాదము ముగియలేదు. ఆ వాదమునకు సాక్షులలో ఒకటి గౌరీపట్నమున కంకరకు పనికిరాదని ప్రక్కన పారబోసిన సుద్ద.

నాకు అచట తోచినది కోపము కాదు. పనివాని తప్పు లేదు; కంకర లేక రోడ్డు లేదు, క్వారీ త్రవ్వక ఆ గోడ బయటపడదు. శాస్త్రజ్ఞులకు ఆ పొర కనబడినది క్వారీ పుణ్యముననే. కాని అదే క్వారీ దానిని తినివేయుచున్నది. త్రవ్వి వదలిన గోతులు నీటితో నిండి అడుగు పొర మునుగును. మంగంపేట ముగ్గురాయి పొరలను, తిరుమల శిలాతోరణమును, విశాఖతీరపు ఎఱ్ఱమట్టి దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలములుగా గుర్తించిరి. గోదావరి గట్టు నల్లరాతికి ఆ గౌరవము దక్కలేదు. ఒక్క గోడ, ఒక యాబది గజముల గోడ, చుట్టు కంచె వేసి, తెలుగులో ఒక పలక వ్రాసి నిలుపుట ఏ ప్రభుత్వమునకును భారము కాదు.

ఇంతలో మా మిత్రులు పిల్లలతో, "మీ కోనసీమలో రాయి లేదంటిరి కదా, ఉన్నది" అనిరి. చమురు, సహజవాయువులకై మన సీమలో త్రవ్విన లోతైన బావులలో రెండు మూడు కిలోమీటర్ల అడుగున ఈ నల్లరాయియే తగిలినది. ఆ పొరకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు రాజోలు! పాలకొల్లు, నరసాపురముల క్రిందను అది యున్నది. లావా ఒడ్డున ఆగక కడలిలోనికి సాగినది. దానిపైన కోట్ల సంవత్సరముల ఒండ్రు పేరుకొని మన కొబ్బరితోటలకు నేలయైనది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకొని అరువదియైదు దినములు మండినపుడు భూమిలోనుండి లావా వచ్చుచున్నదని పల్లెలలో వదంతి పుట్టినదట. అది వాయువు మంట. లావాతో దానికి చుట్టరికము లేదు. లావా చల్లారి ఎన్నడో రాయి యైనది.

ఆ ఒండ్రుమాత్రము ఎచటిది? గోదావరి పుట్టినది త్ర్యంబకమున, దక్కను లావా కొండలలో. ఆ నల్లరాయి అరిగి రేగడియై, వరదలో కలిసి, ధవళేశ్వరము దాటి మన లంకలమీద పరచుకొన్నది. కనుక ఆ రాయి కోనసీమకు రెండుమార్లు వచ్చినది: మొదట నిప్పుగా, పిమ్మట మట్టిగా. మొదటి రాక లోకమును తగులబెట్టినది. రెండవ రాక మనకు మూడు పూటల అన్నము పెట్టుచున్నది. ఈ మాట విని ఒక విద్యార్థిని తన చెప్పుకంటిన మట్టిని వ్రేలితో తీసి చూచుకొన్నది.

మరునాడు తెల్లవారుజామున రాజమహేంద్రవరమునుండి కోరుకొండ, గోకవరముల మీదుగా ఉత్తరముగా పోయితిమి. గోకవరము దాటగనే కొండలు ఎదురగును. రంపచోడవరము మొదలు మారేడుమిల్లి వరకు అడవి దట్టమగుచుండును. దారి మలుపులు తిరుగుచు ఎక్కును. మొదటి దినము చూచిన దానికి ఇది పూర్తిగా వేరు లోకము. పిల్లలు కొండ కనబడగనే "ఇదియు లావాయేనా?" అనిరి. కాదు. దారికై కోసిన గట్టున రాయి ఎఱ్ఱగా, చారలు చారలుగా, నడుమ గింజలవంటి గార్నెట్లతో కనబడును. దీనిపేరు ఖోండలైటు. ఒరిస్సా కొండలలోని ఖోండుల పేరుమీదుగా 1902లో వాకరు అను నాతడు పెట్టినది. ఒకనాటి నీటి అడుగు బురద భూగర్భమున మిక్కిలి లోతునకు దిగి, ఉడికి, నొక్కబడి ఇట్లయినది. దీని తోబుట్టువు చార్నకైటు. కలకత్తా నగరమునకు మూలపురుషుడనబడు జాబ్ చార్నకు సమాధిరాయి ఆ జాతిది గనుక ఆ పేరు. ఈ శిలల వయస్సు సుమారు నూరు కోట్ల సంవత్సరములు. లావా వచ్చునాటికే ఈ కొండలు వృద్ధులు. అగ్నిపర్వతము వేరు, పర్వతము వేరు అను పాఠము పుస్తకమున పది పుటలు చదివినను రానిది, ఒక్క దినపు ప్రయాణమున చేతితో తాకి నేర్చుకొనవచ్చును.

రంప యను మాట వినగనే మన విద్యార్థులకు అల్లూరి సీతారామరాజు జ్ఞప్తికి వచ్చును. ఆయనకు ముందే 1879లో కల్లుపన్ను మొదలగు పీడలకు ఓర్వలేక ఇచటి మన్యపు ప్రజలు తిరుగబడిరి. 1922 పితూరీకి ఒక ముఖ్యకారణము రోడ్డు! గూడెము మన్యమున కొండదారి వేయుటకు గిరిజనులను బలవంతముగా పట్టి, కూలి సరిగా ఈయక, హింసించి పని చేయించిరి. ఆ దారి మేము పోయిన దారి కాదు. అయినను మలుపు మలుపునకు జీపు సుఖముగా తిరుగుచుండ, కొండరోడ్డు ఎవరి వెన్నుమీద ఎక్కినదో పిల్లలకు చెప్పకుండ ఉండజాలకపోతిని.

పాపికొండలు 1978లో అభయారణ్యమై, 2008లో సుమారు వేయి చదరపు కిలోమీటర్ల జాతీయవనమైనవి. పులి, అడవిదున్న, పెద్ద ఉడుత ఇందు నివాసులు. మాకు కనబడినది ఉడుతయే. గోదావరి ఈ కొండలను చీల్చుకొని వచ్చుచోట, ఆడుదాని తలలో పాపిడివలె నుండుటచే పాపిడికొండలనిరని జనుల మాట. భద్రాచలము దగ్గర మిక్కిలి వెడల్పుగా కనబడు నది ఇచట కొన్ని తావుల 200 గజములకు కుంచించుకొనును. గట్టుల మీద కొండరెడ్లు, కోయలు తరతరములుగా పల్లెలు కట్టుకొని బ్రతికిరి. పోలవరము జలాశయము 150 అడుగుల మట్టమునకు నిండినపుడు ఈ సందు ముఖమే మారును. 2021 వరదలకే దేవీపట్నము ప్రాంతపు పల్లెలు మునిగి, జనులు కాలనీలకు తరలిపోయిరి. కాలువనీటిమీద బ్రతుకు కోనసీమ వాడను. నీరు వలదని నేననను. కాని మన చేలకు నీరు వచ్చుటకై ఇల్లు వదలినవాని పేరు మన పాఠ్యపుస్తకములో ఏ పుటయందును లేదు. మారేడుమిల్లి సంతలో చింతపండు అమ్ముచున్న ఒక ముదుసలి కొండరెడ్డిని, "తాతా, మీదే ఊరు?" అని మా వాడొక డడిగెను. ఆయన ఒక పేరు చెప్పి, "ఇప్పుడు లేదు బాబూ" అని తూకము వైపు తిరిగినాడు. మా వాడు రెండవ ప్రశ్న అడుగలేదు.

ఈ ప్రయాణము చేయదలచు ఉపాధ్యాయులకు కొన్ని సూచనలు. వర్షములు వెలిసి, గోతులలో నీరు తగ్గిన పుష్య మాఘ మాసములు మేలు. క్వారీలోనికి యజమాని అనుమతి లేనిదే పోరాదు. గోడ క్రింద నిలువరాదు. గుల్లలను గోడనుండి పెకలింపక, పారబోసిన సుద్దకుప్పలోనే వెదకవచ్చును, కావలసినన్ని దొరకును. ఒక భూతద్దము, ఒక నోటుపుస్తకము, పాతగుడ్డలు కొన్ని చాలును. జాతీయవనములో ఆకు కూడ త్రుంపరాదు. తెచ్చిన గుల్లలు ఏ ఊరివో, ఏ పొరవో ఆ పూటనే చీటి వ్రాసి అంటింపవలెను. చీటి లేని గుల్ల ఉత్త గుల్లయే. మా పిల్లలు తెచ్చిన పదునేడు గుల్లలు, రెండు నల్లరాళ్లు, ఒక ఖోండలైటు ముక్క ఇపుడు మా తెలుగుశాఖ బీరువాలో, కావ్యముల ప్రక్కన ఉన్నవి.